ఒక బజారు, రెండు తూకపురాళ్లు

ఇళ్ల ధరలు పడుతున్నప్పుడే పెద్ద ఇంటికి మారాలని లెక్క చెబుతుంది. మియాపూర్‌లో మా రెండు బెడ్‌రూముల ఫ్లాటు 60 లక్షలు, తెల్లాపూర్‌లో చూసిన మూడు బెడ్‌రూములది కోటీ 20 లక్షలు అనుకుందాం. రెండూ పది శాతం పడితే నాకు పోయేది 6 లక్షలు, కలిసొచ్చేది 12 లక్షలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కి అయ్యే ఏడున్నర శాతం ఖర్చూ ఆ మేరకు తగ్గుతుంది.

అయినా మనసు పోయే 6 లక్షల దగ్గరే ఆగిపోతుంది. లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువని కానమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు.

ఈ బాధ ఒక నీతి ప్రశ్నను కూడా తెస్తుంది. నా ఫ్లాటు చూడ్డానికి వచ్చినాయనతో "పోయినేడు పక్కది 60కి పోయింది సార్" అనాలనిపిస్తుంది. తెల్లాపూర్ ఓనర్‌తో "ఇప్పుడు మార్కెట్ ఎక్కడుందండీ?" అనాలనిపిస్తుంది. ఒకే బజారులో రెండు తూకపురాళ్లు వాడినట్టే కదా!

పైగా ఆ ఓనర్ ఉద్యోగం పోయి, ఈఎంఐ కట్టలేక అమ్ముతున్నాడనుకోండి. ఆయన దగ్గర కొనడం తప్పనను. ఎవరూ కొనకపోతే ఆయనకి ఇంకా కష్టం. కానీ ఆయన తొందర పసిగట్టి ఇంకో మూడు లక్షలు కొట్టేయించడం వేరే సంగతి. పది శాతం తగ్గించింది మార్కెట్. ఆ మూడు లక్షలు తగ్గించింది నేను.

నా ఇంటికి ఇవాళ్టి ధర ఒప్పుకోగలిగితేనే ఆ ఇంటిని ఇవాళ్టి ధరకి అడగాలి. అంతకన్నా కిందికి అడగకూడదు.