నేల రాలిన గింజ, పొలమున మిగిలిన గడ్డి



కల్యాణ పట్టణమున నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుటయే కాయకముగా జీవించిన మారయ్యను మనలో ఎరుగనివారు ఉండరు. కన్నడమున అక్కి యనగా బియ్యము. ఆయుట యనగా ఏరుట. అందుచేతనే ఆయన ఆయ్దక్కి మారయ్య అయ్యెను. ఒకనాడు ఆయన అలవాటు కంటె ఎక్కువ బియ్యము తేగా, ఇల్లాలు లక్కమ్మ ఆ అదనపు గింజలను తిరిగి అచ్చటనే వేసి రమ్మని పంపెను. ఈ కథలో రెండు ధర్మములు కలవు. లోకము కాలదన్నినదానిలో దాసోహమునకు కావలసిన అన్నమును చూచుట మొదటిది. అవసరమునకు మించి ఆశపడకుండుట రెండవది.

రాలిన గింజకే ఇంత విలువ నిచ్చిన సంప్రదాయమున పుట్టిన మనము, ఆ గింజను మోసిన గడ్డిని ఏమి చేయుచున్నాము?

ఈ ప్రశ్న ఇతరుల నడుగుటకు ముందు నన్ను నేను అడుగుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట యంత్రముతో వరి కోయించి, కొయ్యకాళ్లకు నా చేతితోనే నిప్పు పెట్టితిని. మరునాటి ఉదయము నుదుట విభూతి ధరించి ఇష్టలింగ పూజకు కూర్చుండగా, ప్రక్క ఇంటి పసిబిడ్డ దగ్గు వినవచ్చెను. రాత్రి యంతయు ఆ బిడ్డ నిద్రపోలేదట. ఆనాడు నా మంత్రము నాకే వినబడలేదు.

“అదియు బూడిదయే కదా, అయ్యవారూ! భస్మము పవిత్రము కాదా?” అని ఒక రైతు నన్నడిగెను. గోమయముతో నియమానుసారము చేసిన విభూతి వేరు, పొలమును కాల్చిన బూడిద వేరు. టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనము, 5 లేక 6 కిలోల నత్రజని ఉండును. కాల్చినపుడు పొటాషు చాలవరకు బూడిదలో మిగులును గాని, కర్బనమును నత్రజనియు దాదాపుగా పొగలో కలసిపోవును. మన్ను భుజింపవలసిన దానిని మనము పసిబిడ్డల ఊపిరితిత్తులకు వడ్డించుచున్నాము.

దీనికి మార్గము క్రొత్తది కాదు. ఇండోరులో 1924 నుండి 1931 వరకు ఆల్బర్టు హోవర్డు, యశవంత వాడ్ మొదలగువారు పరిశోధించి, పొలపు వ్యర్థములను, పేడను, పశువుల మూత్రముతో తడిసిన మట్టిని, బూడిదను పొరలు పొరలుగా పేర్చు పద్ధతిని తీర్చిదిద్దిరి. తడి ఆరకుండ చూచుచు, అప్పుడప్పుడు తిరగవేసినచో సుమారు మూడు నెలలలో ఎరువగును. ఒట్టి గడ్డి త్వరగా కుళ్లదు. అందు కర్బనము మిక్కుటము, నత్రజని స్వల్పము. పేడయు పచ్చి ఆకును ఆ లోటు తీర్చును. గట్టివైన పత్తి కట్టెను, కంది కట్టెను గాలి చాలని గుంతలో బొగ్గుగా మార్చి, ఎరువుతో కలిపి నేలకు ఇచ్చినచో, ఆ కర్బనము చిరకాలము మన్నులో నిలుచును.

అయినను రైతును నిందించుట తగదు. తరువాతి పంటకు వ్యవధి తక్కువ, కూలి ఎక్కువ. ఒంటరివానికి అగ్గిపుల్లయే సులభముగా తోచును. కనుక ఇది ఒక్కని పని కాదు, సంఘము చేయవలసిన కాయకము. మఠములు కోతల కాలమున ఒక దినమును ఇందుకై నియమింపవలెనని నా విన్నపము. యువకులు గడ్డిని మోసి గోశాలకు, ఎరువు గుంతకు చేర్చుదురు గాక! సిద్ధమైన ఎరువును ముందుగా చిన్న కమతముల వారికి పంచుడు. కష్టపడుట కాయకము, పంచుట దాసోహము. తన అవసరమునకు మించి ఎవ్వడును తీసికొనకుండుట లక్కమ్మ నేర్పిన పాఠము.

నా పొలము గట్టున ఇప్పుడొక గుంత యున్నది. మొదటి ఏట నీరు అధికమై అది దుర్గంధము కొట్టగా ఇంటివారు నవ్విరి. రెండవ ఏట చేతిలోనికి తీసికొన్న ఎరువు తొలకరి మట్టివాసన వేసెను. ఆ వాసనలో నాకు దేవుని ప్రసాదము తోచెను.