మందు కొట్టమన్నది ఎవరు?

2016లో నాకు పంతులుద్యోగం వచ్చిన ఆదివారం మా మాదిగపల్లె చర్చిలో అయ్యగారు నన్ను లేపి నిలబెట్టాడు. "ఈ బిడ్డ తండ్రిని ప్రభువు ఎందుకు తీసుకున్నాడో ఆ రోజు మనకు తెలియలేదు. ఇవాళ తెలిసింది. కీడులోంచి మేలు తీశాడు" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ రోజు నాకు నోరు రాలేదు. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

మా నాయన 2005 డిసెంబరులో చనిపోయాడు. నేనప్పుడు ఇంటరు రెండో ఏడు. నాయన ఆసామి మిరపచేలో మోనోక్రోటోఫాస్ కొడుతున్నాడు. వీపు మీద పంపు కారతా ఉంది. బాగు చేయించమని రెండుసార్లు అడిగాడంట. "ఈ పూటకి కానియ్యరా" అన్నాడంట ఆసామి. చొక్కా తడిసి, చర్మంలోంచి మందు ఒంట్లోకి దిగింది. మధ్యాహ్నానికి నోట్లో నురగ. ఆసామి ఇంటి ముందు ట్రాక్టరుంది. పంపలేదు. ఆటో దొరికేసరికి రెండు గంటలు. ఆ మందుకి విరుగుడు లేక కాదు. అట్రోపిన్ ఉంది. వేళకి చేరితే బతికేవాళ్లున్నారు. మా నాయన వేళకి చేరలేదు.

ఆదరణ కూడికలో అయ్యగారు యోబు కథ ఎత్తుకున్నాడు. ఇచ్చినవాడే తీసుకున్నాడన్నాడు. మా నాయనమ్మ లేచింది. అక్షరం ముక్క రాని మనిషి. "అయ్యగారూ, నా కొడుకును మందు కొట్టమన్నది దేవుడా? ఆ కారే పంపు దేవుడిచ్చాడా?" అనడిగింది. ఎవరో చెయ్యి పట్టి కూచోబెట్టారు. పాట ఎత్తుకున్నారు.

తర్వాత పెద్దమనుషులు కూచున్నారు. క్షమించడం గురించి వాక్యం చెప్పారు. ముప్పై వేలు ఇప్పించారు. అమ్మ కాగితం మీద వేలిముద్ర వేసింది. కేసు లేదు. ఆ డబ్బుతోనే నేను డిగ్రీలో చేరాను. ఆ ఆదివారం నాకు నోరెందుకు రాలేదో ఇప్పుడర్థమైందా?

దేవుడు మంచివాడూ, అన్నీ చేయగలవాడూ అయితే లోకంలో ఇంత చెడు ఎందుకుంది? ఆపగలిగీ ఆపలేదా? ఆపాలని ఉండీ చేతకాలేదా? గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద ఈ ప్రశ్న రెండు వేల ఏళ్లకు పైగా తిరుగుతోంది. కాలేజీలో చదివినప్పుడు నాకది కొత్తగా అనిపించలేదు. మా నాయనమ్మ అడగ్గా విన్నదే.

జవాబులు కూడా విన్నాను. మనిషికి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు, చెడు మనిషి చేసిందే అంటారు. సరే. ఎవరి స్వేచ్ఛ? పంపు బాగు చేయించకుండా ఉండే స్వేచ్ఛ ఆసామికుంది. పంపు దించేసి ఇంటికొచ్చే స్వేచ్ఛ మా నాయనకుందా? నా ఫీజు కోసం ముందే కూలి డబ్బులు తెచ్చుకున్న మనిషి. స్వేచ్ఛ వాళ్లది, చావు మాది. విశ్వాసానికి పరీక్ష అంటారు. పరీక్ష పెట్టడానికి ఊరి పడమర పల్లె ఒక్కటే దొరుకుతుందా? ఆసామి వీధికి ఒక్క ప్రశ్నాపత్రమైనా పోదా?

మూడోది మేలు కోసమే కీడు అనే జవాబు. ఇదే నన్ను ఎక్కువ కాల్చింది, ఎందుకంటే దీనికి సాక్ష్యంగా నన్నే నిలబెట్టారు. ఈ మాట మా పల్లెకి పాతదే. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకు పనీ కూలీ ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతలకు బడి ఆ దోవనే వచ్చింది. ఆ అప్పు నేను కాదనను. కానీ ఆ రక్షణ కోసమే దేవుడు కరువు పంపాడని చెప్పినప్పుడు నాకు కడుపు మండుతుంది. జనం ఆకలికి చస్తుంటే రేవుల్లోంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉందే! ఆ ఓడలెక్కించింది దేవుడా? వచ్చిన మేలుకు దేవుడికి స్తోత్రం చెప్పండి, చేసిన కీడుకు మాత్రం చేసినవాడి పేరు చెప్పండి.

పూర్వజన్మ పాపం అని చెప్పే కర్మను వదిలించుకుందామనే కదా మనం ఆ దేవుళ్లను వదిలింది! ఆ కర్మే తెల్లబట్టలు వేసుకుని, దేవుని చిత్తమని పేరు మార్చుకుని మళ్లీ మన గుళ్లోకొచ్చి కూచుంది. రెండింటిలోనూ ఆసామి కనపడడు.

కారంచేడులో పశువును కడిగి తాగే నీళ్లు పాడు చేస్తుంటే అడ్డం పోయి బిందె ఎత్తిన ఆడమనిషి పేరు మున్నంగి సువార్తమ్మ. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చచ్చినవాళ్లున్నారు, చంపినవాళ్లు లేరు. కోర్టు అలా అన్నాక, గుళ్లో కూడా దేవుని చిత్తమంటే ఇక చంపినవాణ్ణి వెతికేదెవరు?

యోబు కథ చివరిదాకా చదివితే, దేవుడు కోప్పడింది యోబు మీద కన్నా అతని ముగ్గురు స్నేహితుల మీద. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, బాధపడేవాడిలోనే తప్పు వెతికిన వాళ్ల మీద. ఆ కథలో కూడా ఒకటి నాకు మింగుడు పడదు. చచ్చిన పదిమంది బిడ్డలకు బదులు చివర మళ్లీ పదిమంది పుడతారు. "పోయినోళ్లు పోయినోళ్లే గదరా" అనేది నాయనమ్మ. జాషువా 1941లో గబ్బిలం చేత కాశీ దేవుడికి కబురంపాడు. అది గుడి బయట నిలబడి అడిగిన ప్రశ్న. మనం లోపల కూచుని కూడా అడగలేకపోతున్నాం.

ఇదంతా అమ్మకి చెప్పాను. "రాసుకుంటే రాసుకో. మీ నాయన పోయిన రాత్రి ఆయన కాళ్లు పట్టుకునే తెల్లారేదాకా బతికా. నీ పుస్తకాలు అప్పుడు యాడున్నయ్?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. దేవుడు మంచివాడో కాదో నేను తేల్చలేను. అమ్మ పట్టుకున్న కాళ్లు నేను లాగెయ్యను. ఆ కాళ్ల వెనక ఆసామి దాక్కుంటే మాత్రం ఊరుకోను.

మొన్న డిసెంబరు జ్ఞాపకార్థ కూడికలో లేచి చెప్పాను. మా నాయనను దేవుడు తీసుకోలేదు, కారే పంపు తగిలించినవాడు చంపాడు, నా ఉద్యోగాన్ని ఆ చావుకి న్యాయంగా చూపించొద్దు అన్నాను. స్తోత్రం అన్నవాళ్లెవరూ లేరు. ఇంటికొచ్చాక అమ్మ అన్నం పెడతా, "పంపు సంగతి చెప్పావు. ముప్పై వేల సంగతి గూడా చెప్పాల్సింది" అంది.

వచ్చే ఏడు చెబుతానన్నాను. ఇక్కడ ముందే చెప్పాను.