విండోస్ మారాక అది పాత కంప్యూటరేనా?

ఇంటి కంప్యూటర్‌లో విండోస్ 10 పోయి 11 వస్తే అది పాత కంప్యూటరేనా? 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయాక ఈ ప్రశ్న చాలా ఇళ్లకు చేరింది. స్టార్ట్ బటన్ ఎడమ మూల వదిలి నడిమికి జరుగుతుంది. పెళ్లి ఫొటోలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

పాత బట్టలు విడిచినట్టు ఆత్మ పాత ఒళ్లు విడిచి కొత్తది తొడుగుతుందనే గీతలోని పోలిక ఇక్కడ తిరగబడుతుంది: ఒళ్లు పాతదే, మారింది లోపలిది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత మిషన్‌ను విండోస్ 11 కాదన్నప్పుడు ఫైళ్లను కొత్త మిషన్‌లోకి మారుస్తారే, అక్కడైతే ఆ పోలిక కొంత కుదురుతుంది.

బౌద్ధానికి ఈ చిక్కే లేదు. మిళిందపన్హ అనే గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు వాదన ప్రకారం రథమనేది భాగాల కూర్పుకు వాడుకలో పెట్టుకున్న పేరు మాత్రమే. కంప్యూటర్ పేరూ, ఊరి పేరూ అలాంటివే: 2016 అక్టోబర్‌లో తెలంగాణలోని బీర్కూర్ నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. కాగితాల్లో జిల్లా మారినా, వాడుకలో అది బీర్కూరే.