మృతుల ఋణము

నేడు వాహనములు ఢీకొన్నప్పుడు మెదడెట్లు నలుగునో కంప్యూటరు లెక్కగట్టి చూపుచున్నది. ఒక్క తలయు పగులకయే విద్య సిద్ధించెనని మేము సంతసించితిమి. కాని ఆ లెక్క సరియని తేల్చినదేమి? డిట్రాయిట్ నగరమున వేన్ స్టేట్ విశ్వవిద్యాలయమువారు మృతుల శిరస్సులపై దెబ్బలు వేసి తీసిన కొలతలే గదా!

మన బెంగళూరు నిమ్హాన్స్‌లోను 1995 నుండి మెదళ్ల నిధి యున్నది; అవి బంధువుల యనుమతితో చేరినవి. చిక్కంతయు ఇచ్చటనే. దధీచి తన యస్థులను తానే యిచ్చెను. నోరులేని శవమును బంధువులిచ్చుట దానమగునా? వలదందుమా, స్కూటరుపై తిరుగు మా మనుమనికి రక్ష యేది?

సంతకము లేని కాగితము మా గుమాస్తా బుద్ధికి చెల్లదు. కావున దానపత్రమును మేమే తెచ్చుకొంటిమి. “మరి కర్మ యెట్లు జరుగును?” అని మా యింటామె అడిగినది. మేమింకను సంతకము చేయలేదు.