క్రమము బలవంతమా, ప్రేమయా?

తెలుగు రాష్ట్రములలో దాదాపు ఏడు వారముల వేసవి సెలవుల తరువాత జూన్ రెండవ వారమున బడులు తెరచునప్పుడు, అనేక గృహములలో ఉదయము ఏడ్పుతో ఆరంభమగును. ఇష్టము వచ్చిన వేళ లేచుటకు అలవాటుపడిన ఆరేండ్ల బిడ్డను ఒక్క దినమున గడియారమునకు అప్పగింతుము. బిడ్డ యిష్టమునకు విరోధముగా క్రమమును విధించుట ప్రేమ యగునా?

సామెతలు 22:6లో బాలునికి త్రోవ నేర్పుటను సూచించు హెబ్రీ క్రియ ‘హానక్’. ద్వితీయోపదేశకాండము 20:5లో క్రొత్త యింటిని ప్రతిష్ఠించుటకును ఆ క్రియయే వాడబడినది. తలుపు విరుగగొట్టి గృహప్రవేశము చేయువాడెవడును లేడు గదా! బిడ్డను క్రమములో ప్రవేశపెట్టుటయు అట్టిదే.

ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు దినమునకు 9 నుండి 12 గంటల నిద్ర కావలెనని అమెరికా నిద్రావైద్య నిపుణుల సంస్థ 2016లో తెలిపెను. కావున బడి తెరచుటకు పది దినములు ముందుగనే, ప్రతి రాత్రియు పావుగంట త్వరగా పండుకొనబెట్టుట మేలు. అయితే అర్ధరాత్రి వరకు ఫోను చూచుచుండు తండ్రి “నిదురించుము” అని చెప్పిన, అది ఆజ్ఞయే గాని ఉపదేశము కాదు.

వారములు గడచినను ఏడ్పు మానని యెడల, దానిని మొండితనమని తీర్పు తీర్చక, బడిలో భయకారణమేమైన కలదా యని ఓర్పుతో విచారింపవలెను. క్రమము విధించువాడు తానును దానికి లోబడి, బిడ్డ మొర ఆలకించినప్పుడే అది ప్రేమ యగును.