ముల్లు కదల్లేదు

పాత కారు కూలింగ్ సిస్టంలో గాలి చిక్కుకుంటే ఏమవుతుందో 2022 డిసెంబర్ దాకా నాకు తెలియదు. సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదానికి అది తెలియకపోవడం నేరమేమీ కాదు. అయితే ఆ తెలియనితనంలో మా అమ్మ మాటని నేను ఏం చేశానన్నది వేరే ప్రశ్న. అప్పటినించీ నన్ను వదలకుండా ఉన్న ఆ ప్రశ్నని మీ ముందు పెడదామనే ఇది రాస్తున్నాను.

మా నాన్న 2003లో కొన్న మారుతి 800 అది. 1983 చివర్లో రోడ్డు మీదికి వచ్చి, 2014లో తయారీ ఆగిపోయిన బండి. మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. 2019లో నాన్న పోయాక అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. పదిహేనేళ్ళు దాటిన బండికి మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించి నేనే నడుపుతున్నాను. అమ్మ ఏనాడూ స్టీరింగ్ పట్టుకోలేదు. పదహారేళ్ళు నాన్న పక్కన, ఎడమవైపు సీట్లో కూర్చుంది. దాన్ని నేను చాలాకాలం ‘అమ్మకి కారు గురించి ఏమీ తెలియదు’ అనే అర్థంలోనే తీసుకున్నాను.

2022 నవంబర్‌లో రేడియేటర్ గొట్టం పగిలి నీళ్ళు కారాయి. మా వీధి చివరి మెకానిక్ కొత్త గొట్టం వేసి, కూలెంట్ నింపి, గంటలో బండి ఇచ్చేశాడు. మర్నాడు కూరగాయలకి వెళ్ళి వస్తుంటే అమ్మ అంది: “ఏందో గుడగుడ అంటున్నది బిడ్డా, ముందల. కడుపుల నీళ్ళు తిరిగినట్టు.”

“రోడ్డు బాలేదమ్మా” అన్నాను.

వారం తర్వాత ఒక తెల్లవారుజామున హీటర్ వేస్తే మళ్ళీ అంది: “బండి ఉరికితే వెచ్చగ వస్తున్నది, ఆగితే సల్లగ వస్తున్నది.” పాత బండి కదా అన్నాను. మూడోసారి కూడా చెప్పేసరికి, ఆమె తృప్తి కోసం, మెకానిక్‌కి ఫోన్ చేశాను. టెంపరేచర్ ముల్లు ఎక్కడుందని అడిగాడు. సగానికి కాస్త కిందే ఉందన్నాను. “అయితే ప్రాబ్లం లేదు మేడం. అమ్మగారికి ఊరికే అలా అనిపిస్తోంది” అన్నాడు. ఆ మాటే తెచ్చి అమ్మకి చెప్పాను. ఆమె నాలుగోసారి చెప్పలేదు.

డిసెంబర్‌లో పెద్దమ్మని చూడడానికి హైదరాబాద్ నించి ఆదిలాబాద్ బయల్దేరాం. సుమారు మూడు వందల కిలోమీటర్లు. ఆ నెలలో ఆదిలాబాద్ చలి ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడల్లా అమ్మ శాలువా దగ్గరికి లాక్కోవడం చూశాను. ఎందుకని అడగలేదు. నిర్మల్ దాటి, పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే అమ్మ హఠాత్తుగా “ఆపు” అంది. “ఏదో తియ్యటి వాసన వస్తున్నది, ఆపు బిడ్డా.” ముల్లు వైపు చూశాను. ఎప్పటికన్నా కిందే ఉంది. అయినా ఆమె గొంతులో ఉన్న దేనికో జంకి ఆపాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది.

బానెట్ ఎత్తి, చేతికి చున్నీ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. “కుక్కర్ దింపంగనే మూత తీస్తవా?” అంది.

ఆ మూత పని కూడా కుక్కర్ మూత పనిలాంటిదే. లోపలి నీళ్ళని ఒత్తిడిలో ఉంచుతుంది కాబట్టి అవి వంద డిగ్రీలు దాటినా మరగవు. వేడిగా ఉండగా మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, మరిగే నీళ్ళు, ఆవిరి కలిసి చేతుల మీదికి, మొహమ్మీదికి చిమ్ముతాయి. రోజూ కుక్కర్ పెట్టేదాన్నే నేను కూడా. కానీ బానెట్ ఎత్తేసరికి, ఇది వేరే లోకమనీ ఇక్కడ వంటింటి తెలివి పనికిరాదనీ నా చెయ్యి దానంతటదే నమ్మేసింది. అమ్మ చెయ్యి నమ్మలేదు.

చాలాసేపు ఆగి, ఇంజన్ బాగా చల్లారాక, నీళ్ళు పోసుకుంటూ మెల్లగా ఘాట్ దాటి రోడ్డు పక్కన ఒక షెడ్డుకి చేరాం. అక్కడి మెకానిక్‌కి అరవై ఏళ్ళుంటాయి. నేను ముల్లు గురించి మొదలుపెట్టాను. “ముల్లు సంగతి తర్వాత చూద్దాం. సప్పుడేమన్న వచ్చిందా?” అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అతను కూడా అటే తిరిగాడు. “ఎప్పుడొస్తది అమ్మా? స్టార్ట్ చెయ్యంగనేనా, ఉరుకుతుంటేనా? ఏ దిక్కునుంచి?”

అమ్మ వరసగా చెప్పింది. స్టార్ట్ చేసి ఎక్స్‌లేటర్ తొక్కగానే. తన మోకాళ్ళ ముందునించి, డాష్‌బోర్డు వెనకనించి. బండి ఆగితే హీటర్ చల్లబడుతుంది. నవంబర్‌లో గొట్టం మార్చిన మర్నాటినించీ.

“గాలి పట్టింది. గొట్టం ఏసినోళ్ళు ఎయిర్ తియ్యలే” అన్నాడతను. అప్పటికింకా బానెట్ ఎత్తలేదు.

ఖాళీ అయిన సిస్టంలో పైనించి నీళ్ళు పోసినంతమాత్రాన అన్ని మూలలూ నిండవు. ఇంజన్ లోపలి దారుల్లో, హీటర్ గొట్టాల్లో, ఎత్తుగా ఉన్నచోటల్లా గాలి నిలబడిపోతుంది. నీళ్ళు తీసుకుపోయినట్టు గాలి వేడిని తీసుకుపోలేదు. పంపు నీళ్ళని తోస్తుంది కానీ గాలిని సరిగా తొయ్యలేదు. అందుకే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు హీటర్‌లోకి వేడినీళ్ళు చేరవు, జోరుగా తిరిగితే చేరతాయి. అమ్మ చెప్పిన ‘ఉరికితే వెచ్చగ, ఆగితే సల్లగ’ అన్నమాట ఆ జబ్బు లక్షణమే, అక్షరాలా.

అతను బండి ముందు చక్రాలని ఇటుకలు పేర్చిన దిమ్మె మీదికి ఎక్కించాడు, రేడియేటర్ మూతి అన్నిటికన్నా ఎత్తులో ఉండేలాగా. హీటర్ మీటని పూర్తిగా వేడివైపు తిప్పించాడు, అటు నీళ్ళు వెళ్ళే దారి తెరుచుకోవడానికి. చల్లారిన ఇంజన్ మీద మూత తీసి, మెల్లగా నింపి, మూత లేకుండానే స్టార్ట్ చేయించాడు. ఇక చెయ్యాల్సింది ఎదురుచూడడమే. ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా లోపలి నీళ్ళు రేడియేటర్‌లోకి సరిగా తిరగవు. పైగొట్టం వేడెక్కిందంటే తెరుచుకున్నట్టు. అప్పుడు బుడగలు రావడం మొదలైంది. నీటిమట్టం దిగుతోంది, అతను పోస్తున్నాడు, ఫ్యాన్‌కి దూరంగా గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని మెల్లగా పిసుకుతున్నాడు. మళ్ళీ బుడగలు. ముప్పావుగంట పట్టింది. బుడగలు ఆగి, ఫ్యాన్ తిరిగి, హీటర్ సమంగా వెచ్చగాలి ఇచ్చాక మూత పెట్టాడు. రేపు పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూసి, తగ్గితే పొయ్యమన్నాడు. కింద ఒలికిన కూలెంట్‌ని కడిగేశాడు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం. ఇంకో అయిదు నిమిషాలు ఘాట్ ఎక్కి ఉంటే అల్యూమినియం హెడ్ వంగిపోయేదనీ, ఇంజన్ విప్పాల్సి వచ్చేదనీ చెప్పాడు.

“మరి ముల్లు?” అని అడిగాను.

“ముల్లు అబద్ధమాడలే మేడం. దానికి నీళ్ళు తగల్తలేవు.”

టెంపరేచర్ కొలిచే సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే సరైన వేడి చెబుతుంది. దాని చుట్టూ గాలి చేరితే తన చుట్టూ ఉన్నదాని సంగతే చెబుతుంది. ఇంజన్ పొగలు కక్కుతున్నా ముల్లు కదలదు.

నా పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. స్త్రీలు చెప్పింది సాక్ష్యంగా కాక గొడవగా ఎలా మారిపోతుందో ఒక అధ్యాయం నిండా రాశాను. 2007లో వచ్చిన ‘ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్’లో మిరాండా ఫ్రికర్ దీనికొక పేరు పెట్టి చర్చించింది. చెప్పేవాళ్ళెవరన్న దాన్నిబట్టి వినేవాళ్ళు ఆ మాట విలువ తగ్గించేస్తే, ఆ మనిషికి తెలిసినదాని విషయంలోనే అన్యాయం జరుగుతుందంటుంది. నేను ఈ పుస్తకాన్ని క్లాసులో చెప్పాను. చెప్పి, ఆ కారులోనే ఇంటికి వచ్చాను.

నన్ను నేను సమర్థించుకోలేకపోలేదు. మీటర్‌ని నమ్మాను, ఆ పని తెలిసిన మనిషిని నమ్మాను. ప్రతి విషయాన్నీ మనమే పరీక్షించుకుని బతకలేం. మందుల చీటీ దగ్గరనించి వంతెన దాకా ఇతరుల మాట మీదే మన బతుకు నడుస్తుంది. అమ్మ చెప్పిందల్లా నిజమై తీరాలని కూడా లేదు. ఏడాది ముందు టైరులో గాలి తగ్గిందని గట్టిగా అంది, చూస్తే సరిగానే ఉంది. స్త్రీ చెప్పింది కాబట్టి నమ్మాల్సిందేనని 2018లో మీటూ గొంతులు మన దేశంలో వినిపించినప్పుడు నేనూ వాదించాను. ఇప్పటికీ ఆ వాదన అవసరం నాకు అర్థమవుతుంది. కానీ గుడగుడ శబ్దం విషయంలో అది నాకు సరిపోవడంలేదు. అమ్మని నమ్మలేదన్నది నా తప్పు అనిపించడంలేదు. నమ్మకం మనం అనుకుంటే వచ్చేది కాదు.

నా తప్పు అంతకన్నా ముందు ఉంది. ఆ ముసలి మెకానిక్ కూడా అమ్మని మొదట నమ్మలేదు. అడిగాడంతే. ఎప్పుడు, ఎటునించి, ఎప్పటినించి అని మూడు ప్రశ్నలు అడిగాడు. వాటికి దొరికిన జవాబులే ఆమె మాటని నమ్మదగినదిగా చేశాయి. మూడుసార్లు చెప్పిన అమ్మని నేను ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. ఆమె చెప్పినదానికి అర్థం మాత్రం చెప్పాను: రోడ్డు, పాతబండి, ఊరికే అనిపించడం. ఎవరినైనా నమ్మడం మన బాధ్యత అవునో కాదో నేను తేల్చలేను. అడగడం మాత్రం బాధ్యతే అనుకుంటున్నాను. అది చెయ్యడానికి తత్వశాస్త్రం అక్కర్లేదు, తీరిక చాలు. నాకు తీరిక లేక కాదు, అవసరం కనిపించలేదు.

ఎందుకు కనిపించలేదన్నది ఇంకా ఇబ్బందికరమైన విషయం. అమ్మ తన పెళ్ళి గురించో, నడుంనొప్పి గురించో, అత్తగారి గురించో చెబితే నేను రికార్డర్ పెట్టుకుని మరీ వింటాను, మాట మధ్యలో ఆగితే ఎందుకు ఆగిందని అడుగుతాను. ఇంజన్ గురించి చెబితే వినలేదు. అంటే స్త్రీల గొంతు వినాలన్న నా పట్టుదల, ‘స్త్రీల విషయాలు’ అని నేను గీసిన గిరి లోపలే పనిచేస్తోంది. బాధకి ఆమెని సాక్షిగా ఒప్పుకున్నాను. తన చుట్టూ ఉన్న ప్రపంచం ఎలా నడుస్తోందన్నదానికి ఒప్పుకోలేదు. పదహారేళ్ళు ఒకే సీట్లో కూర్చుని ఒకే ఇంజన్‌ని విన్న చెవి అది. నాన్న కూడా అంతగా విని ఉండడు, ఆయనకి రోడ్డు చూసుకోవాలి.

ఆదిలాబాద్ చేరాక, తప్పు నాదేనని అమ్మతో అన్నాను. “నేనే గట్టిగ చెప్పలేదేమో బిడ్డా” అంది. ఇంజన్‌కి తప్పిన నష్టం ఇక్కడ జరిగిపోయిందని అప్పుడనిపించింది. నాలుగోసారి చెప్పకుండా ఆగిపోయిన మనిషి, ఆ ఆగిపోవడాన్ని కూడా తన లోపంగానే లెక్కేసుకుంది. టోల్‌గేట్ల దగ్గర ఆమె మౌనాన్ని నేను చూశాను. ఇబ్బంది ఏమీ లేదనే అనుకున్నాను. ముల్లు కదలలేదు కదా.

తర్వాతి ఏడాది థర్మోస్టాట్ మార్పించాక, గాలి తీసే పని ఇంటిదగ్గర నేనే చేశాను. మా గేటు ముందు వాలు ఉంది. బండి ముక్కు పైకి పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టాను. నేను రేడియేటర్ దగ్గర నీళ్ళ మగ్గుతో, అమ్మ ఎడమవైపు సీట్లో హీటర్ ముందు చెయ్యి పెట్టుకుని. బుడగలు ఆగాయి. అయిపోయిందనుకుని మూత అందుకున్నాను.

“ఉండు, ఇంక ఉన్నది” అంది అమ్మ లోపలినించి.

“ఎక్కడమ్మా?” అని అడిగాను.