మరునాటి వగర్పు

ఒక మెట్ట ఊళ్లో ఒక రైతు. ఐదెకరాల చేను, ఒక జత ఎడ్లు అతని ఆస్తి. దాపటి ఎద్దు నెమ్మదైనది. వలపటిది మహా చురుకు. మేడి పట్టుకోవడమే ఆలస్యం, ముందడుగు దానిదే. ఊళ్లో బండ లాగుడు పందెం మాట వస్తే అందరూ దాని గురించే చెప్పుకునేవాళ్లు.

ఒక ఏడు ఊరి మీదికి గాలికుంటు వచ్చింది. రెండు ఎడ్లకూ సోకింది. నోటి నిండా పుళ్లు, తీగలు తీగలుగా చొంగ, గిట్టల సందున చీము. రైతు తల్లి పటిక నీళ్లతో వాటి నోళ్లు కడిగింది, గిట్టలకు వేపనూనె రాసింది, రాగిజావ పోసింది. కొన్ని వారాలకు పుళ్లు మానాయి, రెండూ మేత అందుకున్నాయి. దాపటి ఎద్దు మునుపటిలాగే అయింది. వలపటిది కూడా చూపులకు అంతే. మూపు నిండుగా ఉంది, కళ్లు తేటగా ఉన్నాయి. ఒంటి మీద బొచ్చు మాత్రం కాస్త గుబురుగా పెరిగింది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

తొలకరి పడగానే రైతు కాడి కట్టాడు. ఆ పూట వలపటి ఎద్దు ఎప్పటిలాగే దున్నింది. సాయంత్రం కుడితి తాగి పడుకుంది. మర్నాడు పొద్దున లేవలేదు. నాలుక బయటపెట్టి, డొక్కలు ఎగరేస్తూ వగరుస్తోంది. పని ఏమీ చేయకుండా, నీడలో, గాటి దగ్గరే! నాలుగు రోజులకు తేరుకుంది. పదును ఆరిపోతోందన్న ఆత్రంతో రైతు తేరుకున్న రోజే రెండు పూటలా దున్నించాడు. ఈసారి పది రోజులు పడుకుంది.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. “దొంగెద్దు అది. పని ఉన్ననాడు పడుకుంటుంది, లేనినాడు మేస్తుంది” అన్నాడొకడు. ముల్లుగర్ర చూపించమన్నాడు ఇంకొకడు. కాస్త దయ ఉన్న పెద్దరైతు ఒకాయన, “కొట్టకు నాయనా. జబ్బులో పడి పని అలవాటు తప్పింది. రోజుకో చాలు పెంచుకుంటూ పో, నెల తిరిగేసరికి దారిలో పడుతుంది” అని సలహా ఇచ్చాడు. ఆ మాట రైతుకు సబబుగా తోచింది. మొదటి రోజు ఐదు చాళ్లు, రెండో రోజు ఆరు. అలా పెంచుకుంటూ పోతే తొమ్మిదో రోజు చాలు మధ్యలో ఎద్దు మోకాళ్ల మీద కూలింది. ఆ తర్వాత నీళ్లతొట్టి దాకా నడవడం కూడా దానికి గగనమైంది.

ఆ రాత్రి తల్లి కొడుకును కూర్చోబెట్టింది.

“ఒరే, నువ్వు అది పడిపోయిన రోజునే చూస్తున్నావు. నేను దానికి ముందురోజును చూస్తున్నా. పడ్డ ప్రతిసారీ ముందురోజు బాగా దున్నింది. పని ఎగ్గొట్టడానికి పడుకోవట్లేదురా అది. చేసిన పనికే పడుతోంది.”

“మరి ఎంత చేయించాలమ్మా?”

“నువ్వు అలిశాక విప్పుతున్నావు. అలవకముందే విప్పు.”

ఎద్దు తేరుకునేదాకా గాటినే ఉంచారు. తేరుకున్నాక కూడా వారం ఆగారు. తర్వాత తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు, రెండే చాళ్లు. మూడో చాలుకు అదే మెడ ముందుకు చాచేది. “అమ్మా, ఇంకా లాగుతానంటోంది” అనేవాడు కొడుకు. “అన్నా సరే, విప్పు” అనేది తల్లి. మిగతా చేను పక్కింటి ఎద్దును బదులు తెచ్చుకుని దున్నుకున్నారు. పడుకునే రోజులు తగ్గాయి. వలపటి ఎద్దు మళ్లీ పందేలకు వెళ్లలేదు, మునుపటిలా దున్ననూ లేదు. కానీ దాదాపు రోజూ లేచింది, మేసింది, చేతనైనంత చేసింది.

నీతి

గాలికుంటు తగ్గిన పశువులు కొన్ని ఇలా బొచ్చు పెరిగి, కొద్దిపాటి ఎండకే వగర్చడం పశువైద్యులకు తెలిసిందే. మనుషులకొచ్చే జబ్బు ఒకటి ఉంది, అది వేరు. అయితే ఆ రోగుల అనుభవం మాత్రం ఈ కథకు చాలా దగ్గర. ఆ జబ్బు పేరు మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ లేదా క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్, పొట్టిగా ఎంఈ/సీఎఫ్‌ఎస్. చాలామందికి ఇది ఏదో ఒక వైరస్ జ్వరం తర్వాతే మొదలవుతుంది. కొవిడ్ తర్వాత ఈ లక్షణాలతో మిగిలిపోయినవాళ్లను ప్రపంచమంతా చూసింది.

దీన్ని మామూలు నీరసం నుంచి వేరు చేసేది ఆ తల్లి కనిపెట్టిన విషయమే. శ్రమ చేసినప్పుడు కాదు, చాలాసార్లు 12 నుంచి 48 గంటల తర్వాత శరీరం కుప్పకూలుతుంది. ఆ శ్రమ పెద్దదే కానక్కర్లేదు. తలంటు పోసుకోవడం, అరగంట ఫోన్లో మాట్లాడటం, లెక్కలు చూసుకోవడం కూడా చాలు. తేరుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక ఈ జబ్బును గుర్తించడానికి ఈ కుప్పకూలడాన్ని తప్పనిసరి లక్షణంగా పెట్టింది. దానితోపాటు ఆరు నెలలకు పైగా పనిచేసే శక్తి బాగా తగ్గిపోవాలి, ఎంత పడుకున్నా నిద్ర తీరినట్టు ఉండకూడదు. వీటికి తోడు మతిమరుపు, ఆలోచన మందగించడం లాంటి ఇబ్బంది గానీ, నిలబడితే తల తేలిపోవడం గానీ ఉండాలి. రోగుల్లో కనీసం నాలుగో వంతు మంది ఏదో ఒక దశలో ఇల్లు కదలలేకుండానో మంచం దిగలేకుండానో ఉంటారని కూడా ఆ నివేదిక చెప్పింది.

దొంగెద్దు అన్న మాట మనుషులకూ తప్పలేదు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో దాదాపు 300 మంది సిబ్బంది ఇలాంటి లక్షణాలతో జబ్బుపడ్డారు. పదిహేనేళ్ల తర్వాత, 1970లో, ఇద్దరు సైకియాట్రిస్టులు పాత రికార్డులు తిరగేసి అది సామూహిక హిస్టీరియా అని రాశారు. జబ్బుపడ్డవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు కావడం వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. ఆ ముద్ర దశాబ్దాలపాటు వదల్లేదు. పెద్దరైతు సలహా కూడా వైద్యంలోకి వచ్చింది. రోజురోజుకూ వ్యాయామం పెంచుకుంటూ పొమ్మని ఏళ్ల తరబడి చెప్పారు. దానివల్ల మంచాన పడ్డామని రోగులు ఎంత మొత్తుకున్నా చాలాకాలం ఎవరూ వినలేదు. చివరకు 2021 అక్టోబరులో బ్రిటన్‌లోని నైస్ సంస్థ తన మార్గదర్శకాలు మార్చి, ఇలా లెక్క ప్రకారం పెంచే వ్యాయామం ఇవ్వొద్దని స్పష్టంగా చెప్పింది. ఉన్న శక్తి హద్దులోనే రోజును నడుపుకోవడం నేర్పమంది.

మన ఇళ్లలో ఇది మరీ కష్టం. జ్వరం తగ్గిన కోడలు పైకి బాగానే కనిపిస్తుంది. ఓపిక ఉన్న రోజు వస్తే వారం రోజుల పని ఒక్కసారే ముందేసుకుంటుంది, చేయకపోతే మాట పడాలి కాబట్టి. ఆ మంచిరోజే ప్రమాదం. కూరగాయలు కూర్చుని తరగడం, కాస్త పనికి కాస్త నడుం వాల్చడం, పెళ్లికో వ్రతానికో వెళ్లాలంటే ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవడం, ఇవన్నీ వైద్యంలో భాగమే. వాటిని బద్ధకం అనడం అన్యాయం. ఇంట్లోవాళ్లు కొంత పని పంచుకోకపోతే ఎంత మంచి సలహా అయినా కాగితం మీదే ఉండిపోతుంది.

అలాగని ప్రతి నీరసమూ ఇదే అనుకోకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. థైరాయిడ్, షుగర్, బీ12 లోపం, క్షయ, గురకతో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా, డిప్రెషన్, ఇవన్నీ మనిషిని నిలువునా పీల్చేస్తాయి. వీటికి మందులో, వేరే చికిత్సలో ఉన్నాయి కాబట్టి ముందు వీటినే చూపించుకోవాలి. ఎంఈ/సీఎఫ్‌ఎస్‌ను తేల్చే ఒక్క రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. పూర్తిగా నయం చేసే మందూ లేదు. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చినా నీరసం పోనప్పుడు రెండు వారాలపాటు నోటుబుక్కులో రోజూ రెండు వాక్యాలు రాసుకోండి. ఈరోజు ఏం చేశాను, ఈరోజు ఎలా ఉన్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఆ పుస్తకం కూడా పట్టుకెళ్లండి. పడిపోయిన రోజు పేజీ చూపించి ఆగిపోకండి, దాని ముందు రెండు పేజీలు కూడా తిప్పి చూపించండి.